కదలని పొట్టేలు

చేపల ఫ్యాక్టరీవాళ్లు పారేయబోయిన లాప్‌టాప్.
మూత లేదు, రెండు జీబీల జ్ఞాపకం,
'ఎన్' ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది.
క్లాక్స్‌విక్‌లో మా వంటింటి కిటికీ పక్కన పెట్టాను.

మొదట వేసిన లినక్స్ అందగత్తె.
ప్రతి బొమ్మకీ నీడ, ప్రతి నీడకీ నునుపు;
ఫ్యాను మాత్రం గాలికి చిక్కిన పడవలా మూలిగింది.
రెండోది తిండిపోతు.
పొద్దున అప్‌డేట్, సాయంత్రం అప్‌డేట్,
ఓ శుక్రవారం అడిగిందంతా పెట్టాక
కళ్లు తేలేసింది.

ఇక డెబియన్.
"కొత్త సంగతులు దానికి రెండేళ్లు ఆలస్యంగా తెలుస్తాయి"
అన్నాడు ఓడరేవు రేడియో గది తుమ్మాస్.
మా వీధిలో అందరికీ అంతేగా!

నల్లటి తెర, తెల్లటి ప్రశ్నలు.
డెస్క్‌టాప్ కావాలా? వద్దు.
ప్రింటర్? దేనికి?
వెబ్ సర్వర్, ఎస్ఎస్‌హెచ్, ఈ రెంటికే టిక్కు.
యంత్రానికి పేరేమిటంది.
కొండమీద మందంతా చెదిరిన రాత్రి
నిల్చున్నచోటే నిలిచిన మా ముసలి పొట్టేలు
హానుస్ పేరు కొట్టాను.
హాన్నుస్ అని పడింది.
ఉండనీ.

రౌటర్లో ఎనభయ్యో పోర్టు తెరిచి
నలభై ఒక్కేళ్ల వాన లెక్కలు ఎక్కించాను,
నా చేత్తో రాసినవి, మిల్లీమీటర్లలో,
ఒక్క రోజూ తప్పకుండా.

రాత్రి పదకొండుకి ఫోను.
సముద్రపు పాయకవతలి ఎయ్డున్.
"నీ పేజీ వచ్చింది.
కానీ ఎనభయ్యారు ఏప్రిల్ పన్నెండున
వాన లేదు సున్నువా,
ఆ రోజు నేను ఇంటికప్పుకి రంగేశాను."

నోటుబుక్కు తీశాను.
నాలుగు పాయింట్ రెండు.
"మా ఇంటిమీద కురిసింది" అన్నాను.

పక్కన హాన్నుస్ పచ్చదీపం
రెప్ప కూడా వేయలేదు.