గుడ్డపని

ఇరవై తొమ్మిదేళ్ళు బెజవాడ ఆర్.ఎం.ఎస్.లో
దారి తప్పిన ఉత్తరాలు నా బల్ల మీదికే వచ్చేవి.
ఉంగుటూరు అని మాత్రమే రాసి ఉంటే
అది ఏ ఉంగుటూరో చేతిరాత చూసి చెప్పేవాణ్ణి.
అలాంటివాడికి
మా చిన్నతాతను వెతకడానికి నాలుగేళ్ళు పట్టింది.

మంగళగిరిలో ఆయన్ని విమానం పానకాలు అనేవారు.
యుద్ధంలో విమానం తోలాడని వీధి చెప్పేది.
జపానువాళ్ళ ఓడ ముంచాడని నాయనమ్మ చెప్పేది.
ఆయన ఏమీ చెప్పేవాడు కాదు.
గుంటమగ్గంలో నడుందాకా దిగి కూర్చున్న మనిషిని
"ఎంత ఎత్తు ఎగిరావు తాతా?" అని మేమడిగితే
కండె మార్చుకునేవాడు.
గన్నవరం విమానం ఊరి మీదుగా పోతుంటే
మేం కిటికీలు వెతికేవాళ్ళం.
ఆయన తోకవైపు చూసేవాడు,
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని,
అరువిచ్చిన వస్తువును చూసినట్టు.

ఢిల్లీకి ఆరు ఉత్తరాలు రాశాను.
జొన్నాదుల పానకాలు అనే పేరుతో ఎవరూ లేరన్నారు,
ఆరుసార్లూ మర్యాదగానే.
ఏడోసారి ఆ పేరు నేనే చెడగొట్టాను.
భర్తీ ఆఫీసులో కూర్చున్న దొర చెవితో విన్నాను,
ఆయన నాలుకతో పలికాను,
ఆయన కలంతో రాశాను: పనకల్ జానడల్.

నలభై రోజులకు కవరు.
బ్రాడీపేట రెండో లైనులో, గేటు దగ్గరే చించాను.
ఒకే కాగితం.
ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
ఎడమ చూపుడువేలి మీద మచ్చ.
మలేరియాతో ఆసుపత్రిలో రెండుసార్లు.
వృత్తి అన్న గడిలో
గుడ్డపనివాడు.

పైలట్ కాదు.
చిట్టగాంగు అవతల ఏదో రిపేరు డిపోలో, నేల మీద,
తూట్లు పడ్డ రెక్కలకు మాసికలు వేసేవాడు.

తర్వాత ఒక పాత పుస్తకం దొరికింది.
కొయ్యతో చేసిన విమానాలుండేవట, వాటి పేరు దోమ.
వాటి ఒంటికి చుట్టే నూలుగుడ్డ పేరు మడపొలం.
మడపొలమంటే మన నరసాపురం పక్క మాధవాయిపాలెం!
ఊరిని గోదారి కోసుకుపోయింది,
పేరు సీమ మిల్లుల్లో మగ్గమెక్కింది,
తిరిగి తిరిగి బర్మా సరిహద్దున
ఒక మంగళగిరి సాలెవాడి ఒళ్ళో పడిందేమో.
పడినా, ఆ పేరు ఆయనకెవరు చెప్పి ఉంటారు?

గుడ్డ బిగుసుకోవడానికి పైన ఒక మందు పూసేవారట.
వాసన అచ్చం గోళ్ళరంగు వాసనట.

అక్కడ పుస్తకం మూసేశాను.

డెబ్భై ఒకటి, ఎండాకాలం.
అక్క అనసూయ దాచుకున్న ఎర్ర సీసా
మగ్గం పక్కనే కూర్చుని మూత తీసింది.
తాత గుంటలోంచి లేచాడు,
నాడె చేతిలో ఉన్నదున్నట్టే వీధిలోకి పోయాడు.
చీకటి పడ్డా రాలేదు.
నాన్న అక్కను కొట్టాడు, ఎందుకో తనకే తెలియకుండా.
సీసా పెంటకుప్ప మీద పగిలింది.

తెనాలికి ఫోన్ చేసి అంతా చెప్పాను.
"అయితే తాత ఎగరనేలేదా?" అంది అక్క.
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఆ సీసా మూడు రూపాయలురా" అంది.

కాగితం అడుగున ఇంకో రెండు గడులున్నాయి.
నడవడి: చాలా మంచిది.
పనితనం: తృప్తికరం.
తృప్తికరమట!

ఆయన నేసిన పంచె ఒకటి నా బీరువాలో ఉంది.
అంచు దగ్గర జానెడు చిరుగు, ఆయనే కుట్టుకున్నది.
నిన్న రాత్రి భూతద్దం పెట్టి లెక్కపెట్టాను,
రెండుసార్లు తప్పి, మూడోసారి గుండుసూది మోపి.
అంగుళానికి ఎనిమిది కుట్లు.
పుస్తకంలో రెక్కకు రాసిన లెక్క అదే.
పంచెకు అన్ని అక్కర్లేదు.