పద్నాలుగో పటం

ఇంజనీరింగ్ కాలేజీ పాత కాగితాలన్నీ
నేల కింది గదిలో ఉంటాయి, బాయిలర్ పక్కన.
నూట పదహారు పెట్టెలు. నేనొక్కదాన్ని.
పైన పిల్లలు క్లాసు మారినప్పుడల్లా
నా నెత్తి మీద వేరే శతాబ్దం నడుస్తుంది.

నోవా స్కోషియా తీరంలో నవంబరుకే వేళ్లు మొద్దుబారతాయి.
తొడుగులు వేసుకుని సంతకాలు తిప్పుతుంటాను.
ప్రిన్సిపాళ్ల సంతకాలు పడవ లంగరంత.
ల్యాబు మనుషులవి చీమకాళ్లు.

నలభై రెండో పెట్టెలో బలపరీక్షల దస్త్రం.
ఏ సిమెంటు దిమ్మ ఎంత బరువుకి పగిలిందో
రోజూ రాసిపెట్టాడు ల్యాబు కాపలాదారు తాదే బుద్రో.
అకేడియన్. ఫ్రెంచిలో లెక్కపెట్టి ఇంగ్లీషులో రాసేవాడు కాబోలు,
ఏడు అంకె నడుముకి ఎప్పుడూ ఒక అడ్డగీత.
అంచుల్లో మాత్రం తనకోసం రాసుకున్నాడు:
మంచు.
మంచు.
బొగ్గు అయిపోయింది.
ఆడపిల్ల.
ఆ రోజు దిమ్మ ఎంతకి పగిలిందో రాయలేదు.
గడి ఖాళీ.

అదే ఏడు, పందొమ్మిది వందల ముప్పై ఒకటి, మార్చి.
అధ్యాపకుల సభ తీర్మానం:
ఆఖరి సంవత్సరం విద్యార్థి హెక్టర్ పల్సిఫర్ గీసిన
జలసంధి వంతెన పటాల్లో పద్నాలుగోది కనబడుటలేదు.
కాపలాదారు జీతంలో రెండు డాలర్లు కోత.
ప్రతిపాదించినవారి పేరుంది, బలపరిచినవారి పేరుంది.
తాదే ఏమన్నాడో లేదు.
తీర్మానాల పుస్తకానికి ఒక్క చెవే.

నాకు ముందు ఇక్కడ పనిచేసిన ముగ్గురూ
పట్టికలో ఆ అంకెకెదురుగా ఒకే మాట రాశారు: పోయినది.
ఒకరు సిరాతో, ఒకరు టైపుమిషనుతో, ఒకరు కంప్యూటర్లో.
నేనూ మారు మాట్లాడకుండా అదే ఎక్కించాను.

మొన్న మంగళవారం ఒక ముసలామె దిగివచ్చింది,
మునిమనవడి మోచెయ్యి పట్టుకుని,
మెట్టు మెట్టుకీ ఆగి ఆ మెట్టుని తిట్టి.
పేరు అల్ఫోన్సీన్. పెళ్లికి ముందు బుద్రో.
కోటు లోపలినుంచి బిస్కట్ల డబ్బా తీసింది.
డబ్బాలో చొక్కా. జానెడు.
నూలు కాదు, అవిసె నార, వెన్నలా అరిగిపోయింది.

“పటాలు గీసే బట్ట ఇది” అంది.
“పైన గంజి మెరుగు ఉంటుందే, అది.
అమ్మ మూడుసార్లు ఉడకబెట్టింది బూడిదనీళ్లలో.
గంజి దిగింది. సిరా దిగింది. బట్ట తేలింది.
ఆ చలికాలం నా ఒంటిమీద ఇదొక్కటే.”

దీపం కింద పెట్టి లోపలివైపు తిప్పాను.
సిరా మొత్తం దిగలేదు.
చంక కుట్టు పక్కన రెండు త్రిభుజాలు, సగం దూలం,
వీపు మీదుగా పోయి కాజా దగ్గర తెగిపోయిన ఒక కొలత.

హెక్టర్ లెక్కల కాగితాలు పెట్టెలోనే ఉన్నాయి.
వంతెన ఏడువందల టన్నులు మోస్తుందన్నాడు.
మార్జిన్లో ప్రొఫెసర్ ఎర్ర టిక్కు.
జలసంధి మీద ఆ వంతెన ఎవరూ కట్టలేదు.

బట్టలు మ్యూజియం వాళ్లకి, కాగితాలే మాకు, అది నియమం.
మొహమాటపడుతూ చెప్పాను. ఆమె నవ్వింది.
“ఇచ్చేస్తానని ఎవరన్నారు? చూపించడానికి తెచ్చాను.
మా నాన్న దొంగ కాదని చెప్పడానికీ రాలేదు.
దొంగే.
ఏం దొంగిలించాడో సరిగ్గా రాసుకోండి, చాలు.”

మూత నొక్కి పెట్టుకుని మెట్లెక్కింది,
దిగేటప్పుడు వదిలేసిన తిట్లన్నీ ఇప్పుడు తిడుతూ.

సాయంత్రం పట్టిక తెరిచాను.
స్థితి అన్న చోట యంత్రం ఒప్పుకునేవి నాలుగే మాటలు:
ఉన్నది, చినిగినది, అరువిచ్చినది, పోయినది.
కాసేపు బాయిలర్ గురక విన్నాను.
అరువిచ్చినది, నొక్కాను.
ఎవరికి అంటే ఆమె పేరు రాశాను, పుట్టింటి పేరుతో సహా.
తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఏదని
ఎర్రగా మెరుస్తూ అడిగింది తెర.

గడి ఖాళీగానే ఉంచి
దీపం ఆర్పాను.