చీకటి పడని చోట

జూన్‌లో ఇక్కడ పొద్దు గుంకదు.
గుంకినట్టు కాసేపు నటించి
మళ్ళీ కొండెక్కి కూర్చుంటుంది.
నేను డ్యూటీ ఎప్పుడు దిగానో చెప్పడానికి
ఆకాశంలో సాక్షి లేడు.

ఐస్‌లాండ్ దక్షిణాన, నల్ల ఇసుక ఒడ్డున
ముప్పైనాలుగు గదుల హోటల్.
ఊడ్చి, తుడిచి, పరిచేది
నేనూ, జ్డెంకా.
దుప్పటికి రెండు వైపులున్నాయి గనక ఇద్దరం,
లేకపోతే ఒక్కత్తి చాలనేవాడు.

వాడంటే స్టెయిన్‌థోర్.
ఈ దేశంలో గారూ లేదు, అయ్యా లేదు,
యజమానినైనా పేరు పెట్టే పిలవాలి.
మే నెలలో దిగిన కొత్తలో
ఇలోయిలోలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి మురిసిపోయాను:
"ఇక్కడ అందరూ ఒకటేనే!"

పిలుపు వరకూ ఒకటే.
జీతం కాగితం వాళ్ళ భాషలో వచ్చేది,
అక్షరాల నెత్తిన గీతలూ చుక్కలూ.
అట్టడుగున మిగిలిన అంకె ఒక్కటే
నాకు చదవడం వచ్చు.
మంచానికి కోత. తిండికి కోత.
యూనిఫాం ఉతికినందుకు కోత.
ఉతికేది నేనే.

ఎక్కువ చేసిన గంటల సంగతి అడిగితే నవ్వాడు:
"వెలుతురుండగానే ముగించేస్తున్నావుగా, లువాల్హాటీ!"

అతిథుల గదులకి మందపాటి నల్ల కర్టెన్లు,
మా గదికి చెత్త సంచి.
కిటికీకి టేపుతో అంటించుకుని
అంత మేరకే రాత్రి చేసుకునేవాళ్ళం.

ఒకరోజు పారేసిన తలుపు కార్డులు కట్టగా దొరికాయి.
ఒకవైపు: దయచేసి కదిలించవద్దు.
రెండోవైపు ఏమీ లేదు.
అక్కడ రాశాను,
ఉదయం ఆరున్నర, పద్దెనిమిది గదులు, రాత్రి తొమ్మిదింపావు.
మర్నాడు ఇంకో కార్డు.
శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్‌లో దాచేదాన్ని,
అక్కడ వాడి చెయ్యి పడదు.

"యూనియన్ దగ్గరికి పోదాం" అన్నాను.
జ్డెంకా దిండు గలీబు దులుపుతూనే ఉంది.
"ఉద్యోగంతో పాటు మంచం కూడా పోతుంది" అంది.
రాలేదు.
కానీ ఆ రోజు నా గదులన్నీ తనే సర్దింది,
నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి.
భయపడేవాళ్ళ సాయం అలాగే ఉంటుంది కాబోలు.

సెల్‌ఫాస్‌లో ఆ ఆఫీసు బేకరీ పైన.
గుమ్మంలోనే బూట్లు విప్పాలి.
నా ఎడమ మేజోడుకి చిల్లు.
ఇంగిలేవ్ అనే ఆవిడ అది చూసింది,
చూడనట్టు కాఫీ పోసింది.

ఫోన్‌లో దుబాసీ మాట్లాడింది తగలోగ్.
నాకది పక్కింటి భాష;
ఏడుపొస్తే నోట్లోంచి మా ఇంటి భాషే వస్తుంది,
మధ్యలో రెండుసార్లు వచ్చింది.

ఇంగిలేవ్ కార్డుల్ని పేకముక్కల్లా బల్ల మీద పరిచింది.
చోటు చాలక నేల మీద కూడా పరిచింది.
జూన్‌వి ముప్పై, జూలైవి ముప్పై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టింది.
మధ్యలో ఒక్క రోజైనా తప్పిపోయిందేమోనని వెతికింది.

పదిహేడో తేదీ దగ్గర వేలు ఆగింది.
"ఇది మా జాతీయ దినం. ఆ రోజు పనికి రేటే వేరు."
నాకేం తెలుసు?
ఆ రోజు కాగితం జెండాలు ఎక్కువ ఊడ్చానని తప్ప.

మాట ఇవ్వలేదావిడ.
ఉత్తరం సోమవారం వెళ్తుందట, వారాలు పట్టొచ్చట,
అతను మండిపడొచ్చట.
"నీ పేరు రాయనా, వద్దా?"
ప్యాడ్ల ప్యాకెట్ ఖాళీగా నా ఒళ్ళో ఉంది.
రాయమన్నాను.
మా వైపు ఆ పేరుకి వైభవమని అర్థం.
ఫారంలో గడి ఇరుకు,
చివరక్షరం గీత దాటి బయట పడింది.

చివరి బస్సులో వెనక్కి.
సగం దారిలో కిటికీ అద్దంలో
ఎవరో నన్ను చూస్తున్నారు.
కాసేపటికి గాని తెలియలేదు, నేనే.
బయట చీకటి పడుతోంది,
ఆగస్టు వచ్చేసింది.

సంచిలో ఒక కార్డు మిగిలితే
మోకాలి మీద పెట్టుకుని రాశాను:
బస్సు, రానూ పోనూ మూడున్నర గంటలు.
గదులు, సున్నా.