నల్లివాసన

పెదనందిపాడు నల్లరేగట్లో
ధనియాలు చల్లేముందు మా సామ్రాజ్యం పిన్ని
గింజల్ని నేలమీద పోసి
పాత తోలుచెప్పుతో రుద్దేది.
"ఒక్క గింజలో ఇద్దరుంటారే,
విడదీస్తేనే ఇద్దరూ మొలిచేది."
చెవి ఆనించి వినేదాన్ని,
చిటపటా వేరుకాపురాలు పెడుతున్న చప్పుడు.

ఆ చేనికి కాలవ రాదు.
కార్తీకం వానతడి భూమి కడుపులో దాచుకుంటే
పైనుంచి రోజూ కాస్త మంచు,
అంతే దాని ఖర్చు.
పుష్యమాసానికి చేనంతా
తెల్లగా, అంచున కొంచెం గులాబీగా
బుల్లి గొడుగులు విప్పేది.
మబ్బు పట్టిన రోజు పిన్నికి అన్నం సయించేది కాదు.
బూడిద తెగులు మబ్బుచాటునే వస్తుంది.

పచ్చికాయ నలిపితే నల్లివాసన.
బళ్లో నా పక్కన బెంచీ ఖాళీ అయ్యేది.
బూడిదతో తోమినా వేళ్ళని వదిలేది కాదు.
ఏడిస్తే పిన్ని నవ్వేది:
"ఎండనీవే. వాసన కూడా ఎండాలి."

పీకడం తెల్లారుజామునే, మంచు ఆరకముందే.
ఎండెక్కితే గింజ మన మాట వినదు,
నేల పిలిస్తే రాలిపోతుంది.

వ్యవసాయ శాఖ ఆయనొకడు గట్టుమీద నిలబడి
"ఇది మన పంట కాదమ్మా,
మధ్యధరా సముద్రం ఒడ్డున పుట్టింది" అన్నాడు.
పిన్ని వంచిన నడుం ఎత్తకుండానే
"నాదీ ఈ ఊరు కాదయ్యా,
కోడలిగా వచ్చిందాన్నే" అంది.

మిర్చి టిక్కీల లారీ మీద
మా రెండు గోతాలు, పిలవని చుట్టాల్లా,
గుంటూరు చేరేవి.
గుమాస్తా నాలుగు గింజలు అరచేతిలో నలిపి
రేటు చెప్పబోయే ముందు
ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు.
ఆ క్షణాన్ని మాత్రం ఎవరూ కాటా వెయ్యలేదు.

ఇప్పుడు కొత్తపేటలో నాదో కారంమర.
చారుపొడికి దోరగా వేయించినవి ఒకరు తెస్తారు,
బాలింత కారానికి ఇంకొకరు.
రోహిణీకార్తెలో మీరావలి వచ్చి
పటికబెల్లంతో నానేసుకోవడానికి
నలగ్గొట్టి ఇమ్మంటాడు, మెత్తగా వద్దంటాడు.
మిర్చి ఆడుతున్నంతసేపూ
కొంగులు ముక్కుకి అడ్డంపెట్టి రోడ్డుమీద నిలబడ్డవాళ్ళు
ధనియాల వంతు రాగానే
ఒక్కొక్కరే లోపలికొస్తారు.
ఎవరూ పిలవరు.

ఈ ఏడు పిన్ని శనగ వేసింది.
రేటు లేదంది, ఇంకేం చెప్పలేదు.

ఎవరిదో గోతంలో అడుగున
సరిగా ఎండని గింజొకటి దొరికింది నిన్న.
నలిపాను.
అదే.
సాయంత్రం దాకా చెయ్యి కడుక్కోలేదు.