అడ్డపొగ

పెద్దాసుపత్రి వేన్ మా ఊరి ఇసకలో దిగబడిపోతే
నలుగురు వల తాళ్ళేసి లాగారు.
లోపల గాజు గొట్టాలు గలగలమన్నాయి.

"ఈ గీత దాకా ఉమ్మండమ్మా."
నీలం కోటు తొడుక్కున్నాను కాబట్టి
మా అమ్మని కూడా మీరు అన్నాను.

"ఓలమ్మ, ఉమ్ముకి కూడా లెక్కలేటే!"

మైలపల్లి అసిరమ్మ. అరవై రెండు.
గొట్టం నంబరు పదిహేడు.
రోజుకి: పద్నాలుగు చుట్టలు.
మొదటిది: కళ్ళు తెరవకముందు.
నిప్పు: లోపల.
ఆ గడి కాగితంలో లేదు, నేనే గీసుకున్నాను.

నిప్పుకొస నోట్లో పెట్టి పెదాలు మూసేస్తే
చుట్ట గాలికి ఆరదు, తుంపరకి ఆరదు.
నెత్తిన గంప ఉన్నా,
రెండు చేతులూ చేపల్లో ఉన్నా
నోరు దాని పని అది చూసుకుంటుంది.
మా గున్నమ్మ అమ్మమ్మ తిడుతూ కూడా కాల్చేది.
చీకట్లో నవ్విందంటే
పళ్ళ సందుల్లోంచి ఎర్రటి వెలుతురు.
ముసలాళ్ళందరికీ లోపల దీపముంటుందని
చాన్నాళ్ళు నమ్మాను.

పద్దెనిమిదో గొట్టం కోసం నెల్లిమర్ల వెళ్ళాం.
ఆదెమ్మ పిన్ని. అమ్మ కవల.
పాలు ఇద్దరికీ చాలక
పదకొండో రోజునే ఎత్తి ఇచ్చేశారు,
జనపమిల్లులో చేసే పిల్లల్లేని మేనత్తకి.
పిన్నికి సముద్రం తెలీదు. చేపల వాసన పడదు.
మిల్లు కూత తెలుసు, గొంతులో పీచు తెలుసు.
పెంచిన ఇంట్లో పొగ తాగినవాళ్ళు లేరు.
పద్నాలుగో ఏట మిల్లు గోడ వెనక
ఎవడో పారేసిన బీడీ ముక్క తీసి ముట్టించిందట,
తిన్నగానే, నిప్పు బయటికి పెట్టి,
లోకమంతా కాల్చినట్టే.

"రోజుకెన్ని పిన్నీ?"
"నానేటి లెక్కెడతానా. కట్ట రెండ్రోజులు రాదు."
"మొదటిది?"
"కళ్ళు ఇప్పకముందే గుంటా."

కాసేపు నా పెన్ను కదల్లేదు.

రణస్థలం దాటాక డాక్టరమ్మ చెప్పింది:
కొందరి కాలేయం పొగాకు సారాన్ని
గబగబా అరిగించేసుకుంటుందట,
ఒళ్ళు ఖాళీ అయిపోయి మళ్ళీ అడుగుతుందట.
ఆ తొందర పుట్టుకతో రావచ్చు.
"అంతా నెత్తురే అనకు. సుమారు సగం అనుకో."

అమ్మకి చెప్పాను.
చీరకొంగుతో నోరు తుడుచుకుని అడిగింది:
"సగమేనేటి? మిగతా సగం ఎవులిదే?"

చలిది. పొద్దెక్కినా తెప్ప కనపడని రోజులది.
కొత్తగా కాపరానికొచ్చిన పిల్లకి
నిప్పు ఎటువైపు పెట్టాలో చూపించిన ఆడాళ్ళది.
దాహం నెత్తురిదే కావచ్చమ్మా,
తీరు మాత్రం తీరానిది.

ఇదేదీ అనలేదు.
అంటే, సదువుకున్న మాటలంటుంది.

ఆ ఎండల్లో అంగిట్లో తెల్లమచ్చ పుండైంది.
విశాఖ తీసుకెళ్తే కోసేసి
ప్లాస్టిక్ అంగిలి పెట్టి పంపారు.
మాట ముక్కులోంచి వస్తుంది.
చుట్ట మానేసిందని ఊరంతా అంటారు.
మానలేదు. పెట్టుకోడానికి చోటు లేదు.
పొగాకు కట్ట మాత్రం దూలానికే ఉంది,
తీస్తానంటే ఊరుకోదు.

ఇప్పటికీ నాలుగింటికి లేస్తుంది.
గడపలో కూచుని, పెదాలు బిగించి
నాలుకతో ఆ ప్లాస్టిక్‌ని తడుముకుంటుంది,
లేని నిప్పు కోసం.

నేను ఎన్నడూ ముట్టలేదు.
నా గొట్టం నంబరు నలభై ఒకటి.
ఫలితం కవరు ట్రంకుపెట్టెలో
రేషన్ కార్డు కింద ఉంది, విప్పలేదు.
అయినా నాలుగు కాకముందే మెలకువొస్తుంది నాకు.
ఎందుకో తెలీదు, నోరు ఎండిపోయి ఉంటుంది.

అమ్మ కాస్త పక్కకి జరుగుతుంది.
ఇద్దరం నోరు మూసుకుని కూచుంటాం.
వేటకెళ్ళే తెప్పల మీద దీపాలు
ఒక్కొక్కటీ
లోపలికి వెళ్తుంటాయి.