తొమ్మిదా, పన్నెండా

తూపిలిపాళెం ఒడ్డున
రొయ్యలు తూచే కాటా ఎక్కి నిలబడ్డాను.
యాభై ఎనిమిది.
"తడి గుడ్డలకి ఒక కిలో తరుగు" అంది దేసమ్మ,
నేనూ సరుకే అన్నట్టు.

ఇసకలో రెండు కైటు సంచులు.
పన్నెండు మీటర్లది, తొమ్మిదిది.
పెద్దదాని పసుపు మీదే నా కన్ను.
అద్దెకిచ్చే సాల్మను వేళ్ళు మడిచాడు:
నీ బరువు,
ఈ పూట గాలి,
నీ చేతకానితనం.
మూడోదానికి కాటా లేదు.

దేసమ్మ పమిట కొస వదిలి చూసింది.
అది ఒడ్డు వెంబడే బిగిసి నిలిచింది.
"దక్షిణపు గాలి. పొద్దెక్కితే ముదురుద్ది.
కొండగాలికి తిరిగిందా, దిగబాక.
అది తీసకపోద్ది, తెచ్చియ్యదు."

అక్క చెప్పులే కావాలని ఏడ్చి
వీధి పొడుగునా ఈడ్చుకుంటూ నడిచినదాన్ని నేను.

తొమ్మిదిదానికే గాలి కొట్టాను.
నడుముకి కొక్కెం తగిలిందో లేదో
పలుపు గుంజే దూడలా
ఒక్క లాగు లాగింది.
ఆవైతే ఏమయ్యేదాన్నో.

మడమలు ఇసకలో రెండు చాళ్ళు దున్ని
నీళ్ళ అంచున ఆగాయి.
ఆగాయి!
వెనకాల పసుపుది
సంచిలోనే బుసకొడుతోంది.