ఏడో ట్రాక్

ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
అద్దెకు దొరికిన ఒకే ఒక్క గది.
గోడలకు గుడ్ల అట్టలు అంటించాం,
కిటికీకి బొంత వేలాడదీశాం,
అయినా కింద కంప్రెసర్
పగలూ రాత్రీ ఒకే శ్రుతిలో మూలుగుతుంది.
ఆపించలేక
గిటార్లనే దాని దగ్గరికి దించుకున్నాం.

ఎల్లాజీ షిప్‌యార్డులో వెల్డరు,
ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.
సోల్జర్‌పేట రోజ్‌లిన్ డ్రమ్ముల వెనక కూచుంటే
పుల్లలు తప్ప మనిషి కనపడదు.
నేను మీటలు జరిపేవాణ్ణి.
పాత చప్పుడు కావాలి మాకు.
ఎంత పాతదో మాకే తెలీదు.

ఆనందపురం బస్సు దిగి వచ్చాడు అసిరయ్య,
చంకలో జముకు,
గోనెసంచిలో తువ్వాలు, చుట్టల కట్ట.
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాం.
"ఏటి బావూ ఈ పురుగు?
సెవిలో కూకుని టిక్కుటిక్కుమని కొరికేత్తంది!"
తాళం తాతా, లయ తప్పకుండా, అన్నాను.
"కతలో ఆడకూతురు కొండెక్కతంతే
ఆయాసం రాదేటి?
ఈ పురుగుకి ఆయాసం నేదు."
తీసి పక్కన పెట్టాడు.

ఆ రోజు నుంచి రోజ్‌లిన్
తెర మీద అంకెలు చూడటం మానేసి
ఆయన గొంతుముడి ఎప్పుడు కదులుతుందో చూసి కొట్టేది.
నాలుగో పాటలో ఆమె ఆలస్యమైన చోటల్లా
పాట ఊపిరి తీసుకుంది.

ఉప్పుగాలికి నాని, ఆరో పాట మధ్యలో
జముకు నరం తెగింది.
మేక పేగుది. ఇప్పుడెవరు పేనుతారు?
ఎల్లాజీ మాట్లాడకుండా
తన గిటార్ లావు తీగ విప్పి
తోలు కన్నంలోంచి దూర్చి, పుల్లకు ముడేశాడు.
అసిరయ్య లాగి మీటాడు.
మెడ వాల్చి, కొత్తగా కాపురానికొచ్చిన పిల్లను చూసినట్టు చూశాడు.
"కోపిష్టిది" అన్నాడు.
మళ్ళీ మీటాడు.

ఇప్పుడు మీరు వినే ఏడో పాట
మేం అనుకున్నది కాదు.
గాలివానకు కరెంటు పోయింది.
ఆంప్లిఫయర్ చచ్చింది, గిటార్ చచ్చింది,
నెలరోజులుగా మమ్మల్ని మోసిన ఆ మూలుగు
మొదటిసారి నోరు మూసుకుంది.
ఇంత నిశ్శబ్దం మీదా మేం ఇన్నాళ్ళూ వాయించింది!
లాప్‌టాప్‌లో పదకొండు శాతం.
చీకట్లో ఎవరూ ఆగమనలేదు గనక
ఆయన ఆగలేదు.
రోజ్‌లిన్ అరచేతులు బల్ల మీద,
ఎల్లాజీ చెప్పులు గచ్చు మీద,
రేవులోంచి ఒక ఓడ, ఎవరూ పిలవకపోయినా,
రెండుసార్లు.

ఓడ కూత తీసెయ్యనా అని తర్వాత అడిగాను.
"దానికెంత ఇత్తన్నారు?" అన్నాడు అసిరయ్య.

చివర, అందరం ఆగాక,
టప్... టప్... అని ఎడం చెవిలో వినిపించేది
డ్రమ్ము కాదు.
కింద ఐసు కరుగుతోంది.